ఒక్క అంకె వేసి వచ్చేస్తున్నాం: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు సేవపై ఒక హనుమకొండ ఓటరు సమీక్ష

వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు వేయడమనే సేవను, దరఖాస్తు నింపడం దగ్గర నుంచి ఫలితం వెలువడే దాకా, అందుకున్న ఓటరుగా ఇక్కడ సమీక్షిస్తున్నాను. హనుమకొండలో నివసిస్తూ 2021 మార్చి ఎన్నికలోనూ, 2024 మే ఉప ఎన్నికలోనూ ఓటు వేశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మన దగ్గర అమల్లో ఉన్న ఓటింగ్ నిబంధనలన్నింటిలో ఓటరు మాటకు ఎక్కువ విలువ ఇచ్చేది ఇదే. అయితే ఆ నిబంధన చుట్టూ ఉన్న నమోదు, అవగాహన, ప్రచారం ఎంత బలహీనంగా ఉన్నాయంటే, అందులోని మేలు చాలావరకు ఓటరు చేతికి అందకుండానే పోతోంది. నిబంధనకు అయిదుకు నాలుగున్నర మార్కులు, నమోదుకు ఒకటిన్నర, ఓటరుకు తెలియజెప్పే పనికి ఒక్కటి మాత్రమే ఇస్తున్నాను.

తెలియనివారి కోసం నేపథ్యం క్లుప్తంగా చెప్పాలి. తెలంగాణ శాసనమండలిలో 40 స్థానాలున్నాయి. అందులో 14 స్థానాలకు ఎమ్మెల్యేలు, మరో 14 స్థానాలకు స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. ఆరుగురిని గవర్నర్ నామినేట్ చేస్తారు. మిగిలిన ఆరింటిలో మూడు ఉపాధ్యాయులవి, మూడు పట్టభద్రులవి. అంటే మండలిలో మామూలు పౌరుడు, అదీ డిగ్రీ ఉన్నవాడు, నేరుగా ఓటు వేసి పంపగలిగేది ముగ్గురినే. ఉమ్మడి రాష్ట్రంలో 1985లో రద్దయిన మండలి 2007లో తిరిగి ఏర్పడింది. మా నియోజకవర్గం మూడు పాత జిల్లాలను, 34 శాసనసభ స్థానాలను కలుపుకొని ఉంటుంది. ములుగు అడవుల్లోని పట్టభద్రుడికీ, కోదాడలోని పట్టభద్రుడికీ, భద్రాచలంలోని పట్టభద్రుడికీ ప్రతినిధి ఒక్కరే.

ఇక నిబంధన సంగతి. శాసనసభకు, లోక్‌సభకు మనం వేసే ఓటులో ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలుస్తారు, అవి సగానికి ఎంత తక్కువైనా సరే. 2023 నవంబరులో కామారెడ్డిలో ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, తరువాత ముఖ్యమంత్రి అయిన ఎ. రేవంత్ రెడ్డి అక్కడ పోటీపడగా, బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణా రెడ్డి ఇద్దరినీ ఓడించారు. ఆయనకు 66 వేల పైచిలుకు, చంద్రశేఖర్ రావుకు దాదాపు 60 వేలు, రేవంత్ రెడ్డికి దాదాపు 55 వేలు ఓట్లు వచ్చాయి. ఆ విజయం చట్టబద్ధం, అందులో అనుమానం లేదు. కానీ మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థికి ఓటు వేసినవారిని పిలిచి, మిగిలిన ఇద్దరిలో ఎవరు కావాలని అడిగే వీలు ఆ నిబంధనలో లేదు. ఫలితం కచ్చితంగా మారేదని నేను అనడం లేదు. ఆ ప్రశ్న అడిగే ఏర్పాటే లేదన్నది నా మాట. ఉమ్మడి వరంగల్ జిల్లాలో అదే ఎన్నికలో 12 స్థానాల్లో 10 కాంగ్రెస్‌కు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ మాత్రం బీఆర్‌ఎస్‌కు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ రెండు పార్టీల ఓట్ల మధ్య తేడా రెండు శాతానికి కాస్త అటూ ఇటూగా ఉండగా, సీట్లలో తేడా 64కూ 39కీ మధ్య ఉన్నంత వచ్చింది. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయన్నదాంతో పాటు వాటిని ఏ నిబంధన ప్రకారం సీట్లుగా మార్చామన్నది కూడా ప్రభుత్వాలను నిర్ణయిస్తుంది.

పట్టభద్రుల ఎన్నికలో ఆ ప్రశ్న అడుగుతారు. బ్యాలెట్ పత్రంలో ఇష్టమైన అభ్యర్థి ఎదుట 1 వేస్తాం. ఆయన లేకపోతే ఎవరు కావాలో 2, ఆయనా లేకపోతే 3, ఇలా ఎంతమందికైనా అంకెలు వేసుకుంటూ పోవచ్చు. 1 తప్పనిసరి, మిగతావి ఐచ్ఛికం. లెక్కింపులో చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువను కోటా అంటారు. మొదటి ప్రాధాన్య ఓట్లతోనే ఎవరైనా ఆ కోటా దాటితే అక్కడితో ఎన్నిక ముగుస్తుంది. దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని తొలగించి, ఆయన కట్టలోని పత్రాలను విప్పి, వాటిపై 2 ఎవరికి ఉందో చూసి వారికి కలుపుతారు. ఆపైన తరువాతి అభ్యర్థిని తొలగిస్తారు. ఇలా ఎవరో ఒకరు కోటా దాటేదాకా, లేదా చివరి ఇద్దరు మిగిలేదాకా సాగుతుంది. ఓడిపోయే అభ్యర్థిని మనస్ఫూర్తిగా ఎంచుకున్న ఓటరు కూడా చివరి తీర్పులో పాలుపంచుకునే అవకాశం దీనివల్ల కలుగుతుంది. ‘గెలవడు కదా, ఓటు వృథా’ అని భయపడి నచ్చనివారికి ఓటు వేయాల్సిన అగత్యం ఉండదు.

2021 ఎన్నికను దగ్గరగా చూస్తే ఈ నిబంధన బలమూ, దాన్ని మనం వాడుకోని తీరూ రెండూ తెలుస్తాయి. 71 మంది బరిలో నిలిచారు. పోలైన 3,87,969 ఓట్లలో చెల్లినవి 3,66,333, కోటా 1,83,167. మొదటి ప్రాధాన్య ఓట్లలో టీఆర్‌ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్ రెడ్డికి 1,10,840, స్వతంత్ర అభ్యర్థి తీన్మార్ మల్లన్నకు 83,290, తెలంగాణ జన సమితి అధ్యక్షుడు ప్రొఫెసర్ కోదండరామ్‌కు 70 వేల పైచిలుకు వచ్చాయి. మామూలు నిబంధన ఉండి ఉంటే మొదటి రోజే 27 వేల తేడాతో ఫలితం చెప్పేసేవారు. ఇక్కడ మాత్రం ఒక్కొక్కరినే తొలగిస్తూ వెళ్లగా, చివరికి కోదండరామ్ పత్రాలు కూడా పంచిన తరువాత పల్లాకు 1,61,811, మల్లన్నకు 1,49,005 అయ్యాయి. తేడా సగానికి పైగా తగ్గింది. తొలగిపోయిన అభ్యర్థుల ఓటర్లలో పల్లా కంటే మల్లన్న వైపే ఎక్కువమంది మొగ్గారన్న సమాచారం అంత స్పష్టంగా ఇంకే ఎన్నికలోనూ మనకు తెలిసేది కాదు.

అయితే ఆ ఇద్దరి ఓట్లు కలిపితే 3 లక్షల 10 వేల పైచిలుకే. చెల్లిన ఓట్లలో మిగిలిన సుమారు 55 వేలు ఏమయ్యాయి? వాటిపై ఆ ఇద్దరిలో ఎవరి ఎదుటా అంకె లేదు. చాలా పత్రాలపై 1 తప్ప మరేదీ లేకపోవడమే అందుకు ప్రధాన కారణమని నా నమ్మకం. ఆ పత్రాలు వేసినవారి అభ్యర్థి తొలగిపోగానే, చివరి పోటీలో వారికి మాట లేకుండా పోయింది. గెలుపు తేడా 12,806. పక్కన పడిన ఓట్లు దానికి నాలుగు రెట్లు. వీరిలో ఇద్దరూ నచ్చక కావాలనే ఆగిపోయినవారు ఉండవచ్చు, అది వారి హక్కు. కానీ అందరూ అలా ఆలోచించి ఆగారంటే నేను నమ్మను. ఎందుకంటే పోలింగ్ రోజున ఓటరు చెవిన పడే మాట ఏమిటో నాకు తెలుసు.

పోలింగ్ కేంద్రానికి దూరంగా పార్టీల టెంట్లు ఉంటాయి. అక్కడ ఓటరు స్లిప్పు వెతికి ఇచ్చే కార్యకర్తలు మర్యాదగా కూర్చోబెట్టి, అభ్యర్థి పేరు ఎన్నో వరుసలో ఉందో చూపించి, ‘సార్, ఒక్కటే వెయ్యుండ్రి. రెండోది వేస్తే మన ఓటు వాళ్లకు పోతది’ అని చెబుతారు. రెండు ఎన్నికల్లోనూ ఈ మాట విన్నాను. ఒక పార్టీ టెంటులో అని చెప్పలేను, దాదాపు ప్రతి టెంటులోనూ ఇదే ధోరణి. ఈ మాట పూర్తిగా తప్పు. మనం 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతవరకు మన పత్రం ఆయన కట్టలోంచి కదలదు; దానిపై 2 ఎవరికి వేశామో ఎవరూ చూడరు. ఆయన తొలగిపోయిన తరువాతే రెండో అంకె ప్రాణం పోసుకుంటుంది. కాబట్టి రెండో అంకె మొదటి అభ్యర్థికి ఏ విధంగానూ నష్టం చేయదు. పార్టీలు ఇలా చెప్పడానికి కారణం ఊహించడం కష్టం కాదు. తమ ఓటరు మరొకరి పేరు పక్కన అంకె వేయడమే వారికి ఇష్టం ఉండదు. కానీ ఇందులో నష్టపోయేది ఓటరు. ఎన్నికల నిబంధన ఇచ్చిన అధికారాన్ని టెంటులోనే తీసేసుకుని, మామూలు ఓటు వేసే మనిషిగా మార్చి లోపలికి పంపుతున్నారు.

లోపల ఈ తప్పును సరిదిద్దే ఏర్పాటు కనిపించలేదు. 2021లో నేను వరుసలో నిలబడి ఉండగా, విశ్రాంత లెక్చరర్‌లా కనిపించిన ఒక పెద్దాయన బ్యాలెట్ అందుకుంటూ, ‘రెండో నంబరు వేయాల్నా అమ్మా?’ అని పోలింగ్ అధికారిణిని అడిగారు. ‘మీ ఇష్టం సార్, ఒకటి మాత్రం తప్పనిసరి’ అని ఆమె జవాబిచ్చారు. నిబంధన ప్రకారం ఆ జవాబులో తప్పు లేదు. అంతకంటే ఎక్కువ చెబితే ఓటరును ప్రభావితం చేసినట్టవుతుందని ఆమె జాగ్రత్తపడి ఉండవచ్చు. కానీ ‘రెండో అంకె వేస్తే మొదటి అభ్యర్థికి నష్టం లేదు’ అన్న ఒక్క వాక్యం గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండి ఉంటే ఆ పెద్దాయన ఆ ప్రశ్న అడిగేవారే కాదు. అది ఏ అభ్యర్థికీ ప్రచారం కాదు, సేవను ఎలా వాడుకోవాలో చెప్పే సూచన మాత్రమే.

బ్యాలెట్ పత్రం గురించి వివరంగా చెప్పాలి. మామూలు ఎన్నికల్లో ఉండే గుర్తులు ఇందులో ఉండవు. పేర్లు, ఫోటోలు, అంకె వేయడానికి ఖాళీ గడి. 71 మంది పేర్లతో 2021లో ఇచ్చిన పత్రం విప్పితే దినపత్రిక పేజీలా పరుచుకుంది. మూడు వైపులా అట్ట కట్టిన చిన్న బల్ల మీద అది పూర్తిగా పట్టలేదు. కింది వరుసలు చూడాలంటే అంచు పైకి ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. అక్కడ ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే అంకె వేయాలి. జేబులోని సొంత పెన్నుతో వేస్తే ఓటు చెల్లదు. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, పేరు రాసినా, అంకెకు బదులు అక్షరాల్లో ‘ఒకటి’ అని రాసినా చెల్లదు. ఇద్దరి ఎదుట 1 వేస్తే చెల్లదు. నేను నాలుగు అంకెలు వేశాను. నాలుగో పేరు వెతకడానికి కళ్లద్దాలు సర్దుకుని రెండు వరుసలు వేలితో కిందికి జరుపుకుంటూ రావలసి వచ్చింది. పత్రం మడిచేటప్పుడు స్కెచ్ పెన్ను తడి ఎదుటి గడిలో అంటి, అది మరో గుర్తులా కనిపిస్తుందేమోనన్న అనుమానంతో ఆరేదాకా ఆగాను. బయట వరుసలో ఉన్నవారు విసుక్కుని ఉంటారు, కానీ ఆ ఆగడం అవసరమే.

పత్రంపై అభ్యర్థుల సంఖ్య ఎక్కువ కావడం ఒక్కటే ఇబ్బందికి కారణమని అనుకోలేం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో 185 మంది పోటీలో నిలిచారు. అక్కడ ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ 12 బ్యాలెట్ యూనిట్లు కలిపి పోలింగ్ జరిపించారు. అంత క్లిష్టమైన ఏర్పాటును సకాలంలో చేయగలిగిన యంత్రాంగానికి, పట్టభద్రుల ఎన్నికలో నాలుగు అడుగుల బల్ల వేయడం, గోడకు సూచన అంటించడం కష్టమైన పనులు కావు.

చెల్లని ఓట్ల లెక్క చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. 2021లో మా నియోజకవర్గంలో 21,636 ఓట్లు చెల్లలేదు. 2024 ఉప ఎన్నికలో పోలైనవి 3,36,013 కాగా, చెల్లనివి 25,824. ఆ ఎన్నికలో మొదటి ప్రాధాన్య ఓట్లలో తీన్మార్ మల్లన్నకూ, బీఆర్‌ఎస్ అభ్యర్థి రాకేశ్ రెడ్డికీ మధ్య తేడా 18 వేల అయిదు వందల పైచిలుకు. తేడా కంటే చెల్లని ఓట్లే ఎక్కువ. పక్కనున్న కరీంనగర్–మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్ పట్టభద్రుల స్థానంలో 2025 ఫిబ్రవరి 27న జరిగిన ఎన్నిక ఇంకా ఆలోచింపజేస్తుంది. పోలైన 2,52,029 ఓట్లలో 28,686 చెల్లలేదు, అంటే వందకు 11కు పైగా. బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డి కోటాకు అందకుండానే, కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్ రెడ్డి మీద 5 వేల పైచిలుకు తేడాతో గెలిచారు. వీరందరూ డిగ్రీ చదివినవారే. ఓటింగ్ యంత్రం మీద బటన్ నొక్కే ఎన్నికల్లో ఓటు చెల్లకుండా పోయే అవకాశమే దాదాపు ఉండదు కనుక, చాలామందికి ‘చెల్లని ఓటు’ అన్నదే పరిచయం లేని సంగతి అయిపోయింది. అయిదేళ్లకోసారి యంత్రానికి అలవాటుపడిన చేతికి ఆరేళ్లకోసారి స్కెచ్ పెన్ను ఇచ్చి, ఏ అభ్యాసమూ లేకుండా నిబంధనలన్నీ పాటించమంటే ఫలితం ఇలాగే ఉంటుంది.

చదువురానితనం గానీ నిర్లక్ష్యం గానీ దీనికి కారణం కాదనడానికి మా ప్రాంతంలోనే మంచి రుజువు ఉంది. అదే 2025 ఫిబ్రవరి 27న వరంగల్–ఖమ్మం–నల్లగొండ ఉపాధ్యాయ స్థానానికి ఎన్నిక జరిగింది. అదే నిబంధన, అదే వయొలెట్ పెన్ను, అదే రకమైన పత్రం. పోలైన 24 వేల పైచిలుకు ఓట్లలో చెల్లనివి 500 లోపే. మొదటి ప్రాధాన్యంలో 6 వేల పైచిలుకు ఓట్లే వచ్చిన పింగిలి శ్రీపాల్ రెడ్డి, ఒక్కొక్కరినే తొలగిస్తూ పోగా చివరికి కోటా దాటి గెలిచారు. మొదటి అంకెలో వందకు పాతిక, ముప్పై మందే కోరుకున్న అభ్యర్థి, రెండు, మూడు, నాలుగు అంకెలు కలుపుకొని సగానికి పైగా మందికి అంగీకారమైన ప్రతినిధి అయ్యారు. ఈ నిబంధన పుట్టిందే ఇందుకోసం. ఉపాధ్యాయుల్లో అది పని చేసి, పట్టభద్రుల్లో పని చేయకపోవడానికి నాకు తోచిన కారణం ఒకటే. ఉపాధ్యాయ సంఘాలు పాఠశాలలకు వెళ్లి, నమూనా పత్రం చూపించి, ‘మాకు ఒకటి ఇవ్వకపోతే కనీసం రెండు ఇవ్వండి’ అని అడుగుతాయి. రెండో అంకెకు అక్కడ గిరాకీ ఉంది. పట్టభద్రుల దగ్గరకు వచ్చే పార్టీలు ఆ పని చేయవు. చేయవలసిన అధికార యంత్రాంగం పత్రికా ప్రకటనతో సరిపెట్టుకుంటుంది.

ఇప్పుడు నమోదు దగ్గరకు వద్దాం. నా దృష్టిలో ప్రాతినిధ్యాన్ని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఇదే. శాసనసభ ఓటరు జాబితాలో ఒకసారి పేరు ఎక్కితే తొలగించేదాకా ఉంటుంది. పట్టభద్రుల జాబితా అలా కాదు. ప్రతి ఎన్నికకూ పాత జాబితాను పక్కన పెట్టి, మొదటి నుంచి కొత్తగా తయారుచేస్తారు. గతంలో ఓటు వేసినవారు కూడా మళ్లీ ఫారం-18 నింపి, డిగ్రీ ధ్రువపత్రం నకలుపై గెజిటెడ్ అధికారి సంతకం చేయించి ఇవ్వాలి. నవంబరు 1 అర్హత తేదీ. ఆ తేదీకి కనీసం మూడేళ్ల ముందు డిగ్రీ పూర్తయి ఉండాలి, నియోజకవర్గంలో నివాసం ఉండాలి. 2021 ఎన్నికకు 5 లక్షల 5 వేల మంది ఓటర్లుండగా, మూడేళ్ల తరువాత 2024లో జాబితా 4 లక్షల 63 వేల పైచిలుకుకు తగ్గింది. ఆ మూడేళ్లలో కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల నుంచే ఎంతమంది డిగ్రీ పట్టాలు పుచ్చుకుని బయటికి వచ్చారో ఈ ఊళ్లో ఉండేవారికి చెప్పనక్కరలేదు. పట్టభద్రులు పెరిగారు, ఓటర్లు తగ్గారు. ఒకసారి చదివిన డిగ్రీ ఎవరి దగ్గర నుంచీ వెనక్కి పోదు కదా, మరి ఓటు ఎందుకు పోవాలి?

2024 ఉప ఎన్నికకు నేను దరఖాస్తు ఇచ్చిన కార్యాలయం పేరు చెప్పను. కాగితాలన్నీ సరిచూసి తీసుకున్నారు. ముసాయిదా జాబితాలో మాత్రం నా పేరు రాలేదు. రసీదు నా దగ్గర ఉన్నందువల్ల అభ్యంతరాల గడువులో చూపించి చేర్పించుకోగలిగాను. అక్కడి సిబ్బంది వాదన పెట్టుకోకుండా పని చేసిపెట్టారు, అందుకు కృతజ్ఞుణ్ణి. కానీ రసీదు పారేసుకున్నవారి సంగతి, ముసాయిదా జాబితా ఒకటి వస్తుందని, అందులో పేరు వెతుక్కోవాలని తెలియనివారి సంగతి ఏమిటి? పోలింగ్ రోజున కేంద్రం ముందు నిలబడి ‘పోయినసారి వేసిన కదా’ అంటూ వెనుదిరిగినవారిని చూశాను. వారిలో ఎక్కువమంది ప్రైవేటు ఉద్యోగులు, పల్లెల్లో ఉంటూ పట్టణంలో పనిచేసేవారు. ప్రభుత్వ ఉద్యోగికి కార్యాలయంలోనే ఎవరో ఒకరు ఫారం ఇచ్చి నింపిస్తారు, గెజిటెడ్ సంతకం పక్క గదిలోనే దొరుకుతుంది. డిగ్రీ చదివి వ్యవసాయం చేసుకుంటున్న యువకుడికి, పెళ్లై మరో ఊరికి వెళ్లిన పట్టభద్రురాలికి ఆ సదుపాయం లేదు. మరోవైపు పోటీ చేయదలచినవారు నెలల ముందు నుంచే ఫారాలు పంచి, తమవారిని చేర్పించుకుంటారు. అంటే ఓటు పడకముందే, జాబితా తయారయ్యే దశలోనే ప్రతినిధి ఎవరన్నది కొంత నిర్ణయమైపోతోంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే వీలుండడం మేలే. కానీ పాత జాబితాలోని పేర్లను అలాగే కొనసాగించి, మరణించినవారినీ, నివాసం మారినవారినీ మాత్రం తొలగించే పద్ధతి వస్తే తప్ప ఈ లోపం పోదు.

పోలింగ్ ఏర్పాట్ల మీద పెద్దగా ఫిర్యాదు లేదు. ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా సమయం ఇచ్చారు. నీళ్లు, నీడ, ర్యాంపు ఉన్నాయి. సిబ్బంది మర్యాదగా ఉన్నారు. లెక్కింపు ఆలస్యం గురించి చాలామంది విసుక్కుంటారు. 2021లో మార్చి 17న మొదలై 20వ తేదీకి, 2024లో జూన్ 5న మొదలై 7వ తేదీ రాత్రికి ఫలితం తేలింది. ఆ ఆలస్యాన్ని నేను లోపంగా లెక్కించను. ప్రతి పత్రాన్నీ మళ్లీ మళ్లీ విప్పి ఓటరు తదుపరి కోరిక ఏమిటో చదవడానికి పట్టే సమయం అది. ఏ రౌండులో ఎవరు తొలగిపోయారు, ఎవరికి ఎన్ని కలిశాయి, ఎన్ని పత్రాలపై తరువాతి అంకె లేదు అన్న లెక్కను మాత్రం తెలుగులో, సామాన్యుడికి అర్థమయ్యేలా ప్రతి మండల కార్యాలయంలోనూ అంటిస్తే బాగుంటుంది. ‘ఒక్కటే వేస్తే’ ఏమవుతుందో ఆ చివరి వరుస చూసినవారికి వెంటనే తెలిసిపోతుంది.

డిగ్రీ లేనివారికి ఈ ఎన్నికలో ఓటే లేకపోవడం గురించి కూడా చెప్పకుండా ఉండలేను. రాజ్యాంగం రాసిన రోజుల్లో పట్టభద్రులు వేళ్ల మీద లెక్కించగలిగినంత మందే కనుక ప్రత్యేక స్థానాలు ఇచ్చి ఉండవచ్చు. ఇవాళ భూపాలపల్లి గని కార్మికుడి కంటే, పరకాల పత్తి రైతు కంటే నాకు ఒక ఓటు ఎక్కువ ఉండడం సమంజసంగా అనిపించదు. నాకున్న కోరిక వేరు. ఇంత మంచి నిబంధనను ఇంత కొద్దిమందికే ఎందుకు పరిమితం చేయాలి? 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికలను తీసుకోండి. సర్పంచి ఎన్నిక కాగితం బ్యాలెట్‌తోనే జరుగుతుంది, మధ్యాహ్నం దాకా పోలింగ్ జరిపి ఆ రోజే లెక్కించేస్తారు. ఊరికి వెయ్యి, రెండు వేల ఓట్లు, అయిదారుగురు అభ్యర్థులు. నలుగురి మధ్య ఓట్లు చీలి, ఊరిలో మూడో వంతు మద్దతు కూడా లేనివారు సర్పంచి అయ్యే పరిస్థితి మన గ్రామాల్లో కొత్త కాదు. ప్రాధాన్య అంకెల పద్ధతి అక్కడ పెడితే లెక్కింపుకు మరికొన్ని గంటలు పడుతుంది, అంతే. అంకెలు వేయడం పల్లె ఓటరుకు రాదని వాదించేవారికి పట్టభద్రుల చెల్లని ఓట్ల లెక్కే జవాబు. నేర్పితే ఎవరికైనా వస్తుంది, నేర్పకపోతే డిగ్రీ ఉన్నవారికీ రాదు.

ఈ సేవను మళ్లీ వాడుకునే రోజు దూరంలో లేదు. మా స్థానంలో 2021లో మొదలైన ఆరేళ్ల పదవీకాలం 2027 మార్చితో ముగుస్తుంది. గత పద్ధతినే అనుసరిస్తే 2026 నవంబరు 1 అర్హత తేదీ అవుతుంది. కనుక 2023 అక్టోబరు నాటికి డిగ్రీ పూర్తిచేసినవారు అర్హులు. అక్టోబరు మొదట్లో ప్రకటన వచ్చి, నవంబరు తొలి వారంతో దరఖాస్తుల గడువు ముగియడం ఆనవాయితీ. గత ఎన్నికల్లో ఓటు వేసినా సరే మళ్లీ ఫారం-18 ఇవ్వండి, రసీదు తీసుకుని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ముసాయిదా జాబితా రాగానే పేరు చూసుకోండి. పోలింగ్ కేంద్రంలోకి వెళ్లేముందే మీకు అంగీకారమైన ముగ్గురు నలుగురి పేర్లు వరుసగా అనుకుని వెళ్లండి. టెంటులో ఎవరేమి చెప్పినా, లోపల ఇచ్చిన పెన్నుతో ఆ అంకెలన్నీ వేసి, తడి ఆరాక మడిచి పెట్టెలో వేయండి.